పిలవకుండా లాగిన తీగ

ఆ అమ్మాయికి పిచ్చుక అని పేరు పెట్టింది మేనమామే. తీగని చుట్టి లాగే వించి యంత్రం ఉన్న లారీ మీద ఎత్తుగా ఉండే అద్దాల క్యాబినులో, తనకన్నా రెండింతలున్న సీటులో కూర్చుని, అటూ ఇటూ తల తిప్పుతూ అన్నీ కనిపెట్టుకుని ఉండేది. "గూట్లో పిచ్చుకలా ఉంది మన పిల్ల" అన్నాడాయన మొదటి రోజే. వారం తిరక్కుండానే ఆ చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్ళందరికీ ఆమె పిచ్చుక అయిపోయింది.

మేనమామని మాత్రం అందరూ మాస్టారు అనేవారు. ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, తీగ పని చేసే బృందానికి పెద్ద. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ముందు ఆయన దగ్గర కూర్చుని జాగ్రత్తలన్నీ నేర్చుకున్నాకే బావి దగ్గర అడుగు పెట్టాలి. ఆయన చెప్పే తీరు కూడా అలాంటిదే. నిద్రమొహాలతో వచ్చినవాళ్ళు సైతం నిటారుగా కూర్చునేవారు.

బావి లోపలికి ఏ పనిముట్టు దించాలన్నా, దించింది పైకి తియ్యాలన్నా సన్నటి ఉక్కు తీగే ఆధారం. లారీ మీద పెద్ద డ్రమ్ముకి చుట్టి ఉంటుందది. అక్కణ్ణించి నేలకి ఆనకుండా బావి దాకా సాగి, బావి మొదట్లో గొలుసుతో కట్టిన కప్పీలో తిరిగి, నిలువుగా నిలబెట్టిన గొట్టం పైకెక్కి, పై కప్పీ మీదుగా లోపలికి దిగుతుంది. చూడటానికి అగ్గిపుల్లంత కూడా లావుండదు. బిగిసి ఉన్నప్పుడు తెగిందంటే మాత్రం దారిలో ఉన్న మనిషికి నూకలు చెల్లినట్టే.

"అందుకని, లాగే ముందు పిలవాలి" అనేవాడు మాస్టారు వేలు చూపిస్తూ. "రేడియోలో 'లాగుతున్నా, తప్పుకోండి' అనాలి. అవతలివాడు 'తప్పుకున్నా' అనేదాకా మీట ముట్టకూడదు. అవతల ఉన్నది మీకు ప్రాణమైనవాడా, గిట్టనివాడా అని కాదు. మనిషి. అంతే."

ఆ మాట పిచ్చుక ఒంటికి పట్టించుకుంది. బావి దగ్గర కప్పీ, కవాటాలు చూసుకునే మనిషిని అందరూ పొడుగాయన అనేవారు. పిచ్చుక మాత్రం అన్నా అని పిలిచేది. ఆయన ఒక్కోసారి జవాబు చెప్పకుండా చెయ్యి ఊపి ఊరుకునేవాడు. "చెయ్యి కాదన్నా, నోటితో చెప్పు" అని మళ్ళీ అడిగేది. "ఎక్కడున్నావని మా ఆవిడ కూడా నన్ను ఇన్నిసార్లు అడగదమ్మా తల్లీ! తప్పుకున్నా, తప్పుకున్నా, పక్క ఊరి దాకా తప్పుకున్నా!" అని రేడియోలో అరిచేవాడు. క్రేను మీద కూర్చున్న డ్రైవరు కూడా ఆ రేడియోలోనే విని పగలబడి నవ్వేవాడు.

పిచ్చుక తండ్రి పోయేనాటికి ఆమె ఇంకా మూడో క్లాసు దాటలేదు. అప్పట్నించీ మామయ్యే అన్నీ. తమ ఇంటి కింది వాటాలోనే ఒక్కగానొక్క చెల్లెల్ని, మేనకోడల్ని ఉంచుకున్నాడు. సైకిలు నేర్పింది ఆయనే, మోకాలు చీరుకుపోతే మందు రాసి ఏడుపు మాన్పించిందీ ఆయనే. చదువైపోయాక, "ఆడపిల్లకి ఆ ఎండలో, ఆ గ్రీజులో పనేమిటి" అని చుట్టాలు మూతి విరిస్తే, "నా పిల్ల సంగతి నాకు తెలుసు" అని తనే తీసుకెళ్ళి వించి ముందు కూర్చోబెట్టాడు. ఇంట్లో ఆమె ఆయన్ని నువ్వు అనేది. పనిలో నలుగురి ముందూ మీరు అనేది. గేటు దాటగానే నోరు దానంతటదే మారిపోయేది.

ఆ ఎండాకాలం మాస్టారికి మంచి రోజులొచ్చాయని అందరూ అనుకున్నారు. అక్కడి బావులన్నింటి భద్రతకీ ఆయన్ని పెద్దగా వేస్తారని మాట వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక బావిలో పనిముట్టు ఇరుక్కుంది.

లోపల ఒత్తిడి కొలవడానికి దించిన పరికరం అది. పైకి వస్తూ వస్తూ మధ్యలో ఎక్కడో పట్టేసింది. పిచ్చుక పొద్దున్నించీ తీగని లాగుతోంది, వదులుతోంది, మళ్ళీ లాగుతోంది. తీగ చివర ఉన్న బరువు లోపల సుత్తిలా కొట్టి పరికరాన్ని ఊడదియ్యాలి. ప్రతిసారీ పిలుస్తోంది. ప్రతిసారీ పొడుగాయన తప్పుకుంటున్నాడు. మధ్యాహ్నానికి ఆమెకి అనుమానం మొదలైంది. అదే ముక్క అదే కప్పీ మీద అన్నిసార్లు వంగి లేచిందంటే ఉక్కయినా అలిసిపోతుంది. అలిసిన ముక్క కోసేసి, మళ్ళీ కట్టుకుని మొదలుపెట్టాలి. దానికి మిగిలిన పూటంతా పోతుంది.

మాస్టారు క్యాబిను తలుపు దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. "సాయంత్రానికల్లా బావి మీ చేతిలో పెడతాను సార్. నాది పూచీ." ఫోను జేబులో పెట్టి, "ఇంకొంచెం గట్టిగా లాగమ్మా. ఊడేలా ఉంది" అన్నాడు.

"ముల్లు గీత దగ్గరికొచ్చేసింది, మాస్టారూ. ఇంతకంటే లాగకూడదు" అంది పిచ్చుక, ఎదురుగా ఉన్న గడియారంలాంటి పరికరం చూపిస్తూ. తీగ మీద ఎంత బరువు పడుతోందో చెప్పే ముల్లు అది. "తీగ కూడా అలిసిపోయింది. కోద్దాం."

"గీత అంటే అక్కడికక్కడే తెగిపోతుందని కాదు. ముందు జాగ్రత్తకి పెట్టుకున్నది."

"ముందు జాగ్రత్త దాటితే ఇంకేముంది?"

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "నేను నేర్పినవన్నీ నాకే అప్పజెప్పకు. మాట ఇచ్చేశాను అవతల."

"మీరే నేర్పారు కాబట్టే లాగను" అంది పిచ్చుక. ఆయనకి ఎదురుచెప్పడం అదే మొదటిసారి.

మాస్టారు కాసేపు బావి వైపు చూశాడు. తరవాత ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. ఆమె భుజం తట్టి, "సరే, నీ మాటే కానియ్యి. వెళ్ళి తీగ కోసే సామాను పట్రా. ఈలోగా ఇక్కడ నేనుంటాను" అన్నాడు.

పిచ్చుక గుండెల మీంచి బరువు దిగింది. తీగ వదులు చేసి, బ్రేకు వేసి, రేడియో అందుకుంది. "అన్నా, లాగుడు ఆపేశాం. తీగ వదులు చేశా. కోతకి సామాను తేవడానికి దిగుతున్నా."

"హమ్మయ్య. నువ్వొచ్చేలోగా ఈ కప్పీ గొలుసు సంగతి చూస్తా" అన్నాడు పొడుగాయన.

సామాను డబ్బా లారీకి వెనకాల ఉంది. పిచ్చుక దాంట్లో వంగి కత్తెర వెతుకుతుండగా ఇంజను గొంతు మారింది. అప్పటిదాకా నిమ్మళంగా గుర్రుమంటున్నది ఒక్కసారి బరువెత్తుకున్నట్టు మూలిగింది. ఆమె నడుముకున్న రేడియో మాత్రం పలకలేదు. తల ఎత్తేలోపు తుపాకి పేలినట్టు చప్పుడు. ఆ వెంటనే పొడుగాయన కేక.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి మాస్టారు క్యాబినులోంచి అవతలి తలుపున దూకి బావి వైపు పరుగు పెడుతున్నాడు. డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. తెగిన తీగ కొస గాలిలో ఈల వేస్తూ లారీని కొడుతోంది. పిచ్చుక ఏమీ ఆలోచించలేదు. క్యాబిను ఎక్కి, సీటులో పడి, బ్రేకు లాగి, ఇంజను ఆపింది.

అవతల మాస్టారు చెయ్యాల్సినవన్నీ చేశాడు. గొట్టం పైనుంచి బుసకొడుతున్న గ్యాసుని కవాటం తిప్పి ఆపాడు. తన బెల్టు విప్పి పొడుగాయన తొడకి బిగించి రక్తం కట్టాడు. క్రేను డ్రైవరు, గేటు కాపలాదారు పరుగున వచ్చేసరికి వాళ్ళ కళ్ళకి కనిపించింది అదే. నేల మీద నెత్తుట్లో పొడుగాయన, ఆయన పక్కన మోకాళ్ళ మీద మాస్టారు, క్యాబినులో మీట పట్టుకుని పిచ్చుక.

ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగాల్సిన పనిలేదని అందరూ అనుకున్నారు.

* * *

పొడుగాయనకి మోకాలి కింద ఎడమ కాలు తీసేశారు.

ఆసుపత్రి వరండాలో ఆయన భార్య గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. పిచ్చుక వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని, "వదినా" అని చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇంటికొస్తే చెల్లెలు చెల్లెలు అని నీ కబుర్లే చెప్పేవాడు" అంది. గొంతులో కోపం కూడా లేదు. "అంత తొందరేం వచ్చిందమ్మా నీకు?"

పిచ్చుకకి ఆ మాట అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక పక్కనే నిలబడ్డ మామయ్య వైపు చూసింది. ఆయన చెబుతాడనుకుంది. ఇప్పుడు నోరు విప్పుతాడు, కాదమ్మా, సీటులో ఉన్నది నేను అంటాడు అనుకుంది.

మామయ్య వంగి ఆవిడ తల మీద చెయ్యి వేశాడు. "చిన్నపిల్ల. కంగారులో చేసేసింది. మనసులో పెట్టుకోకమ్మా. తప్పంతా పెద్దవాణ్ణి నాది అనుకో" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత పెద్ద మనసు అన్నట్టు ఆయన వైపు చూశారు.

ఎవరో పిచ్చుకని క్షమిస్తున్నారు. చెయ్యని తప్పుకి, చేసినవాడే క్షమిస్తున్నాడు. ఆ వరండాలో తెల్లటి గోడలు, మందుల వాసన, తోపుడుబండి చక్రాల కిర్రుమనడం అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆమె ఒక్కతే ఎక్కడికో జారిపోతున్నట్టయింది. మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, "మామయ్యా, ఏంటది?" అంది.

"ఇప్పుడు కాదు" అన్నాడాయన, ఆమె కళ్ళలోకి చూడకుండా. "మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు. తరవాత అన్నీ నేను చూసుకుంటానుగా. నువ్వేం మాట్లాడకు."

చూసుకుంటానంటే సర్దుతాడనే అనుకుంది పిచ్చుక. ఆ ఆశతోనే నోరు మూసుకుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ బీరకాయలు చెక్కు తీస్తోంది. తల ఎత్తకుండానే, "మామయ్య ఫోను చేశాడు" అంది. "ఎంత పని చేశావే. ఆ మనిషికి ఇద్దరు పిల్లలట."

"అమ్మా, సీటులో ఉన్నది నేను కాదు. మామయ్య."

చాకు ఆగింది.

"నన్ను సామాను తెమ్మని పంపి, తను కూర్చుని లాగాడు."

"ఎవరి మీద పెడుతున్నావో తెలుస్తోందా?" అంది అమ్మ. "మీ నాన్న పోయిన్నాడు మనల్ని పలకరించడానికి కూడా వెనకాడారు అందరూ. ఎక్కడ మెడకి చుట్టుకుంటామో అని. అన్నయ్యొక్కడే వచ్చి నిన్ను చంకనేసుకున్నాడు. తప్పు జరిగితే జరిగింది, ఒప్పుకో. అన్నయ్య ఎలాగోలా గట్టెక్కిస్తాడు. కానీ ఆయన మీదకి తొయ్యకు. నా కడుపున పుట్టి ఆ మాట అనకు."

"నేను అబద్ధం చెబుతానా అమ్మా?"

అమ్మ మళ్ళీ చెక్కు తియ్యడం మొదలుపెట్టింది. చాలాసేపటిదాకా ఆ చప్పుడే వినిపించింది. పిచ్చుక తన గదిలోకి వెళ్ళి, బూట్లు కూడా విప్పకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. పై వాటాలో మామయ్య నడుస్తున్న అడుగులు తెలుస్తున్నాయి. చిన్నప్పుడు ఆ అడుగులు వినపడితేనే నిద్రపట్టేది ఆమెకి.

* * *

విచారణకి పెద్దాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. తల నెరిసిన మనిషి, మాట తక్కువ. ఆఫీసు గదిలో పొడవాటి బల్లకి అటువైపు ఆవిడ, ఇటువైపు మాస్టారు, పిచ్చుక కూర్చున్నారు.

మాస్టారు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలో వచ్చాడు. ఆవిడ అడగ్గానే గొంతు సవరించుకున్నాడు. "నేను వద్దనే చెప్పానండి. గీత దాటొద్దన్నాను. సామాను తేవడానికి నేను దిగాను. ఈలోగా తను… పనిమంతురాలే. కానీ ఆ వయసు దుడుకు ఉంటుంది కదండీ."

పిచ్చుక ఆయన వైపు తిరిగి కూర్చుంది. ఒక్కసారైనా తన వైపు చూస్తాడేమోనని. ఆయన బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసు వైపే చూస్తూ చెప్పాడు. ఇదీ ఆయన 'చూసుకోవడం' అని ఆమెకి అప్పుడు తెలిసింది. వరండాలో మాట జారడం కాదు. కూర్చుని, ఆలోచించి, వరస పెట్టుకుని వచ్చాడు. ఆమె చేసిందంతా తనదిగా, తను చేసిందంతా ఆమెదిగా, అటుదిటు ఇటుదటు మార్చేశాడు.

ఆమె వంతు వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతుంటేనే అది ఎంత పేలవంగా ఉందో తనకే వినపడింది. పాతికేళ్ళు అందరికీ జాగ్రత్తలు నేర్పిన మనిషి పిలవకుండా తీగ లాగాడంటే ఎవరు నమ్ముతారు? వేరే ఎవరైనా చెబితే తనే నమ్మేది కాదు.

"క్యాబినులో నిన్ను చూసినవాళ్ళు ఇద్దరున్నారు" అంది ఆవిడ.

"తీగ తెగాక ఎక్కాను."

"ఎక్కడం ఎవరైనా చూశారా?"

"లేదండి."

బయటికొచ్చాక ఆమెని పనిలోంచి పక్కకి పెట్టినట్టు చెప్పారు. గుర్తింపు కార్డు, హెల్మెట్ తీసుకున్నారు. గేటు దగ్గర క్రేను డ్రైవరు ఎదురయ్యాడు. రోజూ ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాడు ఆవేళ ఫోను తీసి చూసుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

మామయ్య కారు ఆమె పక్కన ఆగింది. "ఎక్కు, ఇంటికి పోదాం" అన్నాడు, ఏమీ జరగనట్టే.

"మీరు వెళ్ళండి" అంది పిచ్చుక.

పని గేటు దాటాక కూడా వచ్చిన ఆ 'మీరు' ఆయనకి తగిలింది. స్టీరింగు మీద వేళ్ళు ఒకసారి బిగిశాయి. కారు పోనిచ్చాడు. పిచ్చుక ఎండలో నడుచుకుంటూ ఇల్లు చేరింది.

* * *

పొడుగాయన తేరుకుని నాలుగు మాటలు మాట్లాడగలగడానికి చాలా రోజులు పట్టింది. ఒకనాడు మధ్యాహ్నం ఆయన భార్యే ఫోను చేసింది. "నిన్ను రమ్మంటున్నాడు" అని పెట్టేసింది.

పిచ్చుక వెళ్ళి మంచం పక్కన నిలబడింది. ఆయన చిక్కి సగమయ్యాడు. దుప్పటి ఒక వైపు పల్చగా పడి ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూసింది.

"కూర్చో" అన్నాడు. "మా ఆవిడ అంతా చెప్పింది. నువ్వు లాగావట కదా."

కాదు అని చెప్పీ చెప్పీ పిచ్చుకకి ఆ మాట మీద విరక్తి పుట్టింది.

"నేను ఇక్కడ పడుకుని అదే ఆలోచిస్తున్నా" అన్నాడు పొడుగాయన. "నువ్వు లాగితే, పిలుపేది?"

ఆమె తల ఎత్తింది.

"తప్పుకున్నా అని నా నోటితో చెప్పించుకునేదాకా వదిలేదానివి కాదు కదా. ఒకసారి దగ్గొచ్చి మాట పూర్తి చెయ్యలేదని ఇంజను ఆపి కిందికి దిగొచ్చావు, గుర్తుందా? అలాంటిదానివి, నేను కప్పీ దగ్గరకి పోతున్నానని నాతో మాట్లాడి, మరుక్షణం పిలవకుండా లాగుతావా? నా కాలు పోయింది గానీ బుర్ర పోలేదు."

మంచం అవతల నిలబడ్డ ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పిచ్చుక అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. అమ్మ ముందు పెట్టలేదు, బల్ల ముందు పెట్టలేదు. ఇప్పుడు మంచం పట్టీ మీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "నా మాట నమ్మేగా అన్నా నువ్వు అక్కడికెళ్ళావు. తీగ వదులు చేశానన్నాననేగా."

"వదులు చేశావుగా మరి. నీ మాటలో తప్పులేదు" అన్నాడాయన. తరవాత గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. "బెల్టు కట్టి నా ప్రాణం నిలబెట్టినవాడే… రోజూ వచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని వెళ్ళాడు. నాకు అన్నం కూడా తినిపించాడు. నా మొహంలోకి ఎలా చూశాడే ఆయన?"

పిచ్చుక అడగాలనుకున్నదీ అదే.

మర్నాడు పొడుగాయన విచారణకొచ్చిన ఆ అధికారిని పిలిపించి అదంతా చెప్పాడు. ఆవిడ తిరిగి వెళ్ళి క్రేను డ్రైవర్ని కూర్చోబెట్టి, ఆవేళ రేడియోలో చివరగా ఏం విన్నావో చెప్పమంది. డ్రైవరు తల గోక్కున్నాడు. పిచ్చుక గొంతు విన్నానన్నాడు. తీగ వదులు చేశానని, సామాను తేవడానికి దిగుతున్నానని అంది. ఆ తరవాత ఏమీ వినలేదు. "దిగుతున్నానన్నది ఎవరు?" అని ఆవిడ మళ్ళీ అడిగింది. "పిచ్చుకే" అన్నాడు డ్రైవరు. అని, తనే నోరు తెరిచి ఉండిపోయాడు. చెవులారా విన్నది కూడా, కళ్ళకి కనిపించినదాని ముందు అతనికి ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు.

అదే బల్ల దగ్గరకి మాస్టార్ని మళ్ళీ పిలిచారు. ఈసారి ఆయన ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. "నేనే లాగాను" అన్నాడు. ఆ రెండు మాటలకీ మనిషి పదేళ్ళు ముసలివాడైపోయాడని, అక్కడే కూర్చున్న డ్రైవరు తరవాత అందరికీ చెప్పాడు.

ఆయన్ని బావుల పని నుంచి పూర్తిగా తీసేశారు. కేసు నడిచింది. పిచ్చుకకి హెల్మెట్ తిరిగి ఇచ్చారు. "పొరపాటు పడ్డాం" అంది ఆ నెరిసిన తలావిడ, సూటిగా ఆమె కళ్ళలోకి చూస్తూ. ఆ ఒక్క చూపుకి పిచ్చుక ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకుంది.

* * *

ఆ ఆదివారం పొద్దున్న మామయ్య మేడ దిగి వచ్చాడు. అమ్మ ముందుగదిలో బట్టలు మడత పెడుతోంది. జరిగినదంతా ఆవిడకి తెలుసు. అయినా, ఎవరో బలవంతపెట్టి ఒప్పించి ఉంటారు, మా అన్నయ్య అలా చెయ్యడు అనే మాట వదల్లేదింకా. అన్నని చూడగానే గబగబా కుర్చీ మీద బట్టలు తీసింది. ఆయన కూర్చోలేదు.

"నీతో మాట్లాడాలమ్మా" అన్నాడు పిచ్చుకతో.

"చెప్పండి."

"నేను కావాలని చెయ్యలేదు. ఒక్కసారి లాగితే వచ్చేస్తుందనుకున్నా. నిజంగా వచ్చేస్తుందనే అనిపించింది. పొడుగాయన నీ వెనకాలే నీడకి వెళ్ళి ఉంటాడనుకున్నా."

"అనుకోవడమెందుకు? రేడియో చేతికి అందేంత దగ్గర్లో ఉంది. ఎందుకు పిలవలేదు?"

ఆయన గుమ్మం వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "పిలిస్తే నువ్వు వినేదానివి కదా" అన్నాడు చివరికి, చాలా చిన్నగా. "పరిగెత్తుకొచ్చి ఆపేదానివి."

అమ్మ చేతిలో మడత సగంలో ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ పిచ్చుక, మామయ్య తొందరలో పిలవడం మరిచాడనుకుంది. మరవలేదు. ఆమె చెవిన పడకూడదని, ఆమె ఒక్కత్తి చెవిన పడకూడదనే ఆ మనిషిని పిలవకుండా ఊరుకున్నాడు.

"మరి తరవాత?" అంది. "వదిన ముందు? ఆ బల్ల ముందు?"

"నాకు ఆ రోజు బుర్ర పనిచెయ్యలేదు. అందరూ నిన్నే అనుకున్నారు. నేను కాదనలేదు, అంతే. ఆ తరవాత వెనక్కి తిరగడానికి దారి దొరకలేదు. చిన్నదానివి, మళ్ళీ నిలదొక్కుకుంటావనుకున్నా. నాకైతే అంతా పోతుంది. పైగా…" ఆగాడు. "పైగా నువ్వు నా పిల్లవి. నాకోసం ఓర్చుకుంటావనుకున్నా."

"అడిగి ఉంటే?" అంది పిచ్చుక. "ఒక్కసారి నా దగ్గరకొచ్చి, పిచ్చుకా, తప్పయిపోయింది, ఏం చెయ్యాలో తోచట్లేదు అని ఉంటే? నీతోపాటు వచ్చి ఆ వదిన కాళ్ళ మీద పడేదాన్ని. నువ్వు నన్ను అడగలేదు మామయ్యా. నన్ను వాడుకున్నావు."

కోపంలో ఆమె నోటికి తెలియకుండానే మళ్ళీ నువ్వు వచ్చేసింది. ఆ పిలుపు వినగానే ఆయన కళ్ళలో ఏదో ఆశలాంటిది మెరిసి, ఆమె మొహం చూసి ఆరిపోయింది.

"వదినని క్షమించమని అడుగు. అన్నని అడుగు. నన్ను మాత్రం అడక్కు" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ముందుగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "అన్నయ్యా, అది నిజమే చెప్పిందా నాతో? మొదటి రోజే?"

ఆయన ఏమన్నాడో వినపడలేదు. మెట్ల మీద అడుగులు పైకి వెళ్ళడం వినిపించింది. అమ్మ గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. కూతురి చెయ్యి పట్టుకోవాలని చూసింది. పిచ్చుక చెయ్యి ఇచ్చింది గానీ, వేళ్ళు ముడవలేదు.

"నిన్ను నమ్మలేదే నేను" అంది అమ్మ.

"ఊఁ" అంది పిచ్చుక.

* * *

ఆ నెలాఖరుకల్లా తల్లీకూతుళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసి, పని చోటికి దగ్గరగా చిన్న వాటా చూసుకున్నారు. అమ్మా తనూ మెల్లగా మాటల్లో పడ్డారు. అయినా ఏ విషయమైనా చెప్పేటప్పుడు పిచ్చుక ఒక్క క్షణం అమ్మ మొహం చూసి, నమ్ముతోందా లేదా అని చూసుకుని చెప్పేది. అది అమ్మకి కూడా తెలుసు.

పొడుగాయన పెట్టుడు కాలుతో నడక నేర్చుకుని సామాను గిడ్డంగిలో పనికి కుదిరాడు. తాడు, గొలుసు, కప్పీ ఏది బయటికెళ్ళాలన్నా ఆయన కంటపడే వెళ్ళాలి. ఆయనతో వేగలేకపోతున్నామని కుర్రాళ్ళు మొత్తుకుంటారు. పిచ్చుక వేరే బృందంలో వించి నడుపుతోంది. కొత్తవాళ్ళకి జాగ్రత్తలు చెప్పమని ఆమెనే అడిగారు. ఒప్పుకోవడానికి చాలా రోజులు తీసుకుంది. చెప్పేటప్పుడు ప్రతి మాటా మామయ్యదే నోటికొస్తుంది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అదే ఆమెకి మింగుడుపడదు.

ఒకనాడు సాయంత్రం బస్టాపులో ఆయన కనిపించాడు. కారు అమ్మేశాడో ఏమో, చేతిలో సంచీతో జనం మధ్య నిలబడి ఉన్నాడు. జుట్టుకి రంగు వెయ్యడం మానేశాడు. ఆమెని చూసి చెయ్యి సగం దాకా ఎత్తి, ఏం తోచిందో, అదే చేత్తో చెమట తుడుచుకున్నట్టు నుదురు తుడుచుకున్నాడు. పిచ్చుక కూడా ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. ఇంతలో ఆమె బస్సు వచ్చింది.

ఎక్కింది. ఆయన నిలబడ్డ వైపు కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆమె ఇవతలి సీటులోనే కూర్చుంది.